కెనడా వృద్ధుల మానసిక ఆరోగ్యం: కొవిడ్ కాలపు ఆదాయ అసమానతలు

కొవిడ్-19 విజృంభించిన 2020, 2021 సంవత్సరాల్లో కెనడాలోని వయోవృద్ధుల్లో కుంగుబాటు, ఒంటరితనం పెరిగాయి. ఆ భారం అందరి మీదా సమానంగా పడలేదు. చేతిలో డబ్బు తక్కువున్నవారి మీద ఎక్కువ పడింది. ఆదాయపు మెట్టును బట్టి మానసిక ఆరోగ్యం మారడాన్ని ఆరోగ్య ఆర్థికశాస్త్రం ఆదాయ సంబంధిత అసమానతగా లెక్కిస్తుంది. ఈ విషయంలో కెనడాను ప్రత్యేకంగా చూడడానికి రెండు కారణాలున్నాయి. అరవై అయిదేళ్లు దాటిన వారిలో అత్యధికులకు అక్కడ ప్రభుత్వ పింఛను అందుతుంది కాబట్టి, లాక్‌డౌన్‌లో ఉద్యోగాలు పోయినా వృద్ధుల నెలవారీ రాబడి చాలావరకు నిలిచింది. మహమ్మారికి చాలా ముందే మొదలై, అవే మనుషులను ఏళ్ల తరబడి ప్రశ్నిస్తూ వచ్చిన ఒక పెద్ద అధ్యయనం కూడా అక్కడ ఉంది. పింఛను ఆగని దేశంలో పేద వృద్ధుల మనసు ఎందుకు ఎక్కువ కుంగిందన్నదే ఇక్కడి అసలు ప్రశ్న.

నేపథ్యం

2021 జనగణన ప్రకారం కెనడాలో 65 ఏళ్లు, ఆ పైబడినవారు సుమారు 70 లక్షలు, అంటే జనాభాలో 19 శాతం. వీరి రాబడికి ప్రభుత్వపరంగా మూడు ఆసరాలున్నాయి. 1927 నాటి చట్టం డెబ్బై ఏళ్లు దాటిన నిరుపేదలకు మాత్రమే పింఛను ఇచ్చింది. 1952లో అమల్లోకి వచ్చిన ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ పథకం ఆదాయంతో పని లేకుండా వృద్ధులందరికీ పింఛను ఇచ్చింది. అర్హత వయసును తర్వాత 65కు తగ్గించారు. 1966లో ఉద్యోగులు, యజమానులు కలిసి చందా కట్టే కెనడా పెన్షన్ ప్లాన్ మొదలైంది. క్విబెక్ రాష్ట్రం తన సొంత పథకాన్ని నడుపుకొంటోంది. 1967లో తక్కువ ఆదాయమున్న పింఛనుదారులకు అదనపు మొత్తం ఇచ్చే గ్యారంటీడ్ ఇన్‌కమ్ సప్లిమెంట్ వచ్చింది. పింఛనుదారుల్లో సుమారు మూడో వంతు మందికి ఈ సప్లిమెంట్ అందుతుంది కాబట్టి, పేద వృద్ధులు ఎవరో తెలుసుకోవడానికి ఇదే దగ్గరి దారి.

వైద్యం సంగతి వేరు. 1984 నాటి కెనడా ఆరోగ్య చట్టం కింద ఆసుపత్రికీ డాక్టరుకూ రోగి చెల్లించనక్కర్లేదు. కానీ ఆసుపత్రి బయట మానసిక నిపుణుడి దగ్గర కూర్చుని మాట్లాడే చికిత్సకు ఈ హామీ వర్తించదు. దానికి ఉద్యోగంతో వచ్చిన ప్రైవేటు బీమా ఉండాలి, లేదా సొంత డబ్బు పెట్టాలి. పదవీ విరమణతో చాలామందికి ఆ బీమా పోతుంది. శరీరానికి జబ్బు చేస్తే పేదకూ ధనికుడికీ ఒకటే ఆసుపత్రి. మనసుకు బాగాలేనప్పుడు మాత్రం దారులు వేరవుతాయి. మహమ్మారి వచ్చేనాటికే ఈ తేడా ఉంది.

కొలిచే పద్ధతులు

వృద్ధుల కుంగుబాటును కొలవడానికి కెనడా పరిశోధకులు ఎక్కువగా వాడినది పది ప్రశ్నల సి.ఇ.ఎస్.-డి. పట్టిక. గడిచిన వారంలో ఎన్ని రోజులు దిగులుగా ఉన్నారు, నిద్ర సరిగా పట్టిందా, ప్రతి పనీ బరువుగా అనిపించిందా, ఒంటరిగా అనిపించిందా వంటివి అడుగుతారు. ఒక్కో ప్రశ్నకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు. ఒక రోజు కూడా లేదంటే సున్నా, అయిదు నుంచి ఏడు రోజులంటే మూడు. రేపటి మీద ఆశ ఉందా, సంతోషంగా ఉన్నారా అనే రెండు ప్రశ్నలకు లెక్క తిరగేస్తారు. మొత్తం 30లో 10 లేదా ఆపైన వస్తే కుంగుబాటు లక్షణాలు ఉన్నట్టు లెక్క. ఇది రోగ నిర్ధారణ కాదు, జల్లెడ పట్టడమే.

అసమానతను కొలవడానికి వాడేది కేంద్రీకరణ సూచి. ఆడమ్ వాగ్‌స్టాఫ్, ఎడ్డీ వాన్ డోర్స్‌లేర్ తదితరులు 1990ల నుంచి ఆరోగ్య రంగంలో దీన్ని విస్తృతంగా వాడుకలోకి తెచ్చారు. జనాన్ని అతి పేద నుంచి అతి ధనికుడి దాకా వరుసలో నిలబెట్టి, జబ్బు ఆ వరుసలో ఏ వైపు పోగుపడిందో చూస్తారు. అందరిలో సమానంగా ఉంటే సూచి సున్నా. పేదల వైపు పోగుపడితే రుణాత్మకం, ధనికుల వైపైతే ధనాత్మకం. కుంగుబాటు ఉందా లేదా అన్నట్టు రెండే జవాబులున్న అంశాలకు ఈ సూచి తప్పుదోవ పట్టించవచ్చు కనుక గ్వీడో ఎరైగర్స్ 2009లో ఒక సవరణ సూచించాడు.

ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ చూద్దాం. వందమంది వృద్ధులను ఆదాయం వారీగా ఇరవైమంది చొప్పున అయిదు వర్గాలు చేద్దాం. మహమ్మారికి ముందు కుంగుబాటున్నవారు పేద వర్గం నుంచి ధనిక వర్గం దాకా వరుసగా 10, 7, 6, 4, 3 అనుకుందాం. మహమ్మారిలో ఆ అంకెలు 11, 9, 8, 7, 6 అయ్యాయనుకుందాం. బాధితులు 30 నుంచి 41కి పెరిగారు. ఏ వర్గమూ బాగుపడలేదు. అయినా పై వర్గంలో సంఖ్య రెట్టింపైంది కాబట్టి సూచి సున్నా వైపు జరుగుతుంది, అసమానత తగ్గినట్టు కనిపిస్తుంది. అందుకే ఈ సూచిని విడిగా చదవకూడదు. మొత్తం ఎంతమంది బాధపడుతున్నారన్న లెక్క పక్కన పెట్టుకునే చదవాలి.

సూచిని విడగొట్టి చూసే పద్ధతి కూడా ఉంది. అసమానతలో ఎంత భాగం ఆదాయం వల్ల నేరుగా వచ్చింది, ఎంత భాగం చదువు, ఇల్లు, దీర్ఘకాలిక జబ్బులు, ఒంటరి జీవనం వంటి వాటి ద్వారా వచ్చిందన్నది దీనితో అంచనా వేస్తారు. ప్రభుత్వం ఎక్కడ చెయ్యి వేయాలో చెప్పేది ఈ విభజనే.

కెనడా దీర్ఘకాలిక వార్ధక్య అధ్యయనం

ఒంటారియో రాష్ట్రం హామిల్టన్‌లోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం కేంద్రంగా నడుస్తున్న ఈ అధ్యయనాన్ని ఆంగ్ల పొడి అక్షరాలతో సి.ఎల్.ఎస్.ఏ. అంటారు. పర్మీందర్ రైనా దీనికి ప్రధాన పరిశోధకుడు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్రిస్టీనా వుల్ఫ్‌సన్, డల్హౌసీ విశ్వవిద్యాలయానికి చెందిన సూజన్ కర్క్‌లాండ్ సహ పరిశోధకులు. 2010–2015 మధ్య 45 నుంచి 85 ఏళ్ల వయసున్న 51,338 మందిని చేర్చుకున్నారు. వీరిని కనీసం ఇరవై ఏళ్లపాటు, సుమారు మూడేళ్లకోసారి పలకరించాలన్నది ప్రణాళిక.

2020 ఏప్రిల్‌లో ఇదే బృందం కొవిడ్ మీద ప్రత్యేక సర్వే మొదలుపెట్టింది. పాల్గొన్నవారు 28,559 మంది. కొందరు ఇంటర్నెట్ ద్వారా, కొందరు ఫోన్‌లో జవాబులిచ్చారు. ఆ ఏడాది చివరిదాకా విడతలు విడతలుగా ప్రశ్నలు అడిగారు. మహమ్మారి మొదలయ్యాక హడావుడిగా జరిగిన చాలా సర్వేలకు పాత లెక్కలు లేవు. ఈ అధ్యయనంలో అదే మనిషి మూడు నాలుగేళ్ల కిందట ఏం చెప్పాడో, ఇప్పుడేం చెబుతున్నాడో పక్కపక్కన పెట్టి చూడవచ్చు.

ప్రధాన ఫలితాలు

2021లో నేచర్ ఏజింగ్ పత్రికలో వెలువడిన రైనా బృందం వ్యాసం ప్రకారం, మహమ్మారికి ముందుతో పోలిస్తే కుంగుబాటు లక్షణాలు కనబడే అవకాశం రెట్టింపైంది. యాభై దాటినవారిలో 43 శాతం మంది మహమ్మారి తొలి దశలోనే ఒక మోస్తరు లేదా తీవ్రమైన లక్షణాలు చెప్పారు. నెలలు గడిచేకొద్దీ ఇది తగ్గకపోగా పెరిగింది. ఆదాయం తక్కువున్నవారి మీద, అంతకుముందే ఆరోగ్యం బాగోలేనివారి మీద దెబ్బ గట్టిగా పడింది. కాలం గడిచేకొద్దీ పరిస్థితి దిగజారడం స్త్రీలలో ఎక్కువ. అన్నిటికన్నా బలంగా కుంగుబాటును ముందే సూచించిన అంశం ఒంటరితనం. కుటుంబానికి దూరం కావడం, ఇంట్లో గొడవలు పెరగడం, ఇంకొకరిని చూసుకునే బాధ్యత మీద పడడం, ఆ బాధ్యత నెరవేర్చడానికి అడ్డంకులు రావడం కూడా లక్షణాలను పెంచాయి.

వీటి పక్కన ఇంకో సంగతి కూడా చెప్పాలి. మహమ్మారి కాలంలో కెనడా గణాంక సంస్థ జరిపిన మానసిక ఆరోగ్య సర్వేల్లో వృద్ధులకన్నా యువతలోనే కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా బయటపడ్డాయి. వృద్ధులంతా ఒక్కసారిగా కుప్పకూలారన్న చిత్రం సరైంది కాదు. చాలామంది తట్టుకున్నారు. తట్టుకోగలిగిన శక్తి కూడా ఆదాయాన్ని బట్టే మారిందన్నదే గమనించాల్సింది.

దేశంలో పేదరికం లెక్కలు మహమ్మారి తొలి ఏడాదిలో మరో దిశలో నడిచాయి. అధికారిక పేదరిక రేఖ ప్రకారం పేదల వాటా 2019లో 10.3 శాతం ఉంటే 2020లో 6.4 శాతానికి దిగింది. వృద్ధుల్లో అది 3.1 శాతమే. ప్రభుత్వ అత్యవసర సాయం చేతికందినందువల్ల వచ్చిన తగ్గుదల ఇది. పేదరికం తగ్గిన సంవత్సరంలోనే పేద వృద్ధుల మనసు ఎక్కువ కుంగిందంటే, కారణం ఆ ఏడాది రాబడి ఒక్కటే కాదు. ఆ రాబడి జీవితకాలంలో కొనిపెట్టినవీ, కొనలేకపోయినవీ చూడాలి.

అసమానత ఏ దారుల్లో వచ్చింది

మొదటి దారి ఇల్లు. పెరడున్న సొంత ఇంట్లో ఉన్న వృద్ధుడు లాక్‌డౌన్‌లోనూ బయట కుర్చీ వేసుకుని కూర్చోగలిగాడు. ఎత్తైన అద్దె భవనంలో ఒంటి గది వాటాలో ఉన్నవారికి లిఫ్టు ఎక్కడమే భయమైంది. వ్యాధి కూడా అటే ఎక్కువ పోయింది. 2020 వేసవిలో టొరంటో ప్రజారోగ్య విభాగం విడుదల చేసిన లెక్కల్లో, నగర జనాభాలో 30 శాతంగా ఉన్న తక్కువ ఆదాయ కుటుంబాలవారు కొవిడ్ కేసుల్లో 51 శాతం ఉన్నారు. పక్కవాటాలో ఎవరికి వచ్చిందో, రేపు మనకేమవుతుందో అన్న బెంగ కూడా ఆ పేటల్లోనే ఎక్కువ.

రెండో దారి ఇంటర్నెట్. డాక్టరు సలహా, మనవల ముఖాలు, పూజలు, ప్రార్థనలు, సరుకులు అన్నీ ఒక్క నెలలో తెర మీదికి మారాయి. 2018లో కెనడాలో 65 దాటినవారిలో 71 శాతం మందే ఇంటర్నెట్ వాడేవారు. వాడనివారిలో ఆదాయం, చదువు తక్కువున్నవారే ఎక్కువ. పల్లెల్లో వేగవంతమైన కనెక్షన్ దొరకడమే కష్టం. పేద వృద్ధులకు వ్యాయామం, కబుర్లు, ఉచిత భోజనం, వార్తాపత్రిక దొరికే చోట్లు గ్రంథాలయం, కమ్యూనిటీ సెంటర్, గుడి, చర్చి. డబ్బున్నవాడు తన కాలక్షేపాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నాడు. లేనివాడి కాలక్షేపం ఉన్న చోటికి తాళం పడింది.

మూడో దారి చిల్లర ఖర్చులు. పెద్ద లెక్కల్లో ఇవి కనబడవు. 2020 మార్చిలో మందుల కొరత వస్తుందన్న భయంతో ఫార్మసీలు ఒకేసారి మూడు నెలల మందు ఇవ్వడం మాని ముప్పై రోజులకే ఇచ్చాయి. మందు ధర మారకపోయినా, ప్రతిసారీ కట్టాల్సిన పంపిణీ రుసుము ఒకటికి మూడైంది. షుగరు, బీపీ, గుండె అంటూ నాలుగైదు మందులు వాడేవారికి ఇది భారం. దీనికి తోడు బస్సు ఎక్కడానికి భయపడి టాక్సీ, అంగడికి వెళ్లలేక డెలివరీ చార్జీ. సప్లిమెంట్ మీద బతికే మనిషికి రాబడి తగ్గలేదు గానీ ఖర్చు పెరిగింది. నెలాఖరు ఎలా గడుస్తుందన్న చింత కుంగుబాటుకు పాత చుట్టమే.

నాలుగో దారి శరీరం. దీర్ఘకాలిక జబ్బులు పేద వృద్ధుల్లో ముందునుంచీ ఎక్కువ. కొవిడ్ వస్తే ప్రాణాపాయం ఎక్కువని వారికి తెలుసు. వాయిదా పడిన శస్త్రచికిత్సలు, ఆగిన ఫిజియోథెరపీ వారికే ఎక్కువ అవసరం. నొప్పితో రాత్రి నిద్రపట్టనివారికి పగలు మనసు బాగుండదు.

అయిదో దారి చదువూ, చిన్నప్పటి నుంచి పడిన కష్టాలూ. జీవితమంతా కూలి పనో, సేవా పనో చేసి రిటైరైనవారికి పొదుపు తక్కువ, సొంత పెన్షన్ తక్కువ, సాయం ఎక్కడ అడగాలో చెప్పే పరిచయాలు తక్కువ. ఒంటరిగా బతికే వృద్ధుల్లో స్త్రీలు ఎక్కువ. పిల్లల కోసం ఉద్యోగం మధ్యలో మానేసినందుకు వారి కెనడా పెన్షన్ ప్లాన్ మొత్తం కూడా తక్కువ. స్త్రీల మనసు ఎక్కువ దిగజారిందన్న ఫలితాన్ని ఈ లెక్కతో కలిపి చదవాలి.

సంరక్షణ గృహాలు

కెనడాలో తొలి కొవిడ్ మరణం 2020 మార్చిలో నార్త్ వాంకూవర్‌లోని లిన్ వ్యాలీ సంరక్షణ గృహంలో నమోదైంది. మొదటి కెరటంలో దేశంలోని కొవిడ్ మరణాల్లో 81 శాతం ఇలాంటి గృహాల్లో ఉన్నవారివేనని కెనడా ఆరోగ్య సమాచార సంస్థ 2020 జూన్‌లో తేల్చింది. పోల్చి చూసిన ఇతర సంపన్న దేశాల సగటు అప్పటికి 38 శాతం. మాంట్రియల్ శివారు డోర్వల్‌లోని హెరాన్ గృహంలో సిబ్బంది కొరవడి, వృద్ధులు తిండీ నీళ్లూ లేక పడి ఉన్న పరిస్థితి ఏప్రిల్‌లో బయటపడి దేశాన్ని కుదిపేసింది. క్విబెక్, ఒంటారియోల్లోని గృహాలకు సైన్యాన్ని పంపాల్సి వచ్చింది.

ఇక్కడ ఆదాయం గది రూపంలో కనిపిస్తుంది. ఒంటారియోలో ఆ కాలంలో ప్రాథమిక వసతికి నెలకు సుమారు 1,890 డాలర్లు, ఒంటి గదికి సుమారు 2,700 డాలర్లు నివాసి చెల్లించాలి. ఆదాయం లేనివారికి ఇచ్చే రాయితీ ప్రాథమిక వసతికే వర్తిస్తుంది. పాత గృహాల్లో ప్రాథమిక వసతి అంటే నలుగురికి ఒక గది, ఒక స్నానాల గది కావచ్చు. ఒంటారియోలోని 618 గృహాలను పరిశీలించిన ఒక అధ్యయనంలో, కిక్కిరిసిన గృహాల్లో కొవిడ్ సోకినవారు 9.7 శాతం, మరణించినవారు 2.7 శాతం. అంతగా కిక్కిరియని చోట్ల ఇవి 4.5, 1.3 శాతాలు. నెలకు ఎనిమిది వందల డాలర్ల తేడా ఎవరు ఏ గదిలో ఉంటారో నిర్ణయిస్తే, గది ముప్పును నిర్ణయించింది.

వ్యాధి సోకనివారి బాధ ఇంకోరకం. నెలల తరబడి బంధువులను లోపలికి రానివ్వలేదు. కిటికీ అద్దానికి అటు కొడుకు, ఇటు తల్లి. అన్నం తినిపించే కూతురు రాకపోతే తినడం తగ్గించేసినవారున్నారు. దగ్గరివారిని అతిథులుగా చూడకూడదని, సంరక్షణలో భాగస్వాములుగా గుర్తించాలని ఆ తరువాత రాష్ట్రాలు నిబంధనలు మార్చుకున్నాయి. అయితే పై పేరాల్లో చెప్పిన సి.ఎల్.ఎస్.ఏ. ఫలితాల్లో ఈ గృహాల గోడు దాదాపు లేదు. చేర్చుకునే నాటికి సంరక్షణ గృహాల్లో ఉన్నవారిని ఆ అధ్యయనం తీసుకోలేదు.

వలస వృద్ధులు, తెలుగు కుటుంబాలు

బ్రాంప్టన్, మిసిసాగా, కాల్గరీ వంటి నగరాల్లో పిల్లల దగ్గరికి వెళ్లి ఉంటున్న భారతీయ తల్లిదండ్రులు వేలల్లో ఉన్నారు. తెలుగువారూ వారిలో భాగం. వీరికి కెనడా పింఛను వ్యవస్థ తలుపులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ రావాలంటే పద్దెనిమిదేళ్లు నిండాక కనీసం పదేళ్లు కెనడాలో నివసించి ఉండాలి. పూర్తి మొత్తానికి నలభై ఏళ్లు. తల్లిదండ్రులను శాశ్వత నివాసానికి రప్పించుకునే పిల్లలు వారి పోషణకు ఇరవై ఏళ్లు బాధ్యులమని రాసి ఇవ్వాలి. క్విబెక్‌లో ఇది పదేళ్లు.

2011 చివరలో వచ్చిన సూపర్ వీసా మీద వెళ్లేవారి స్థితి ఇంకా సున్నితం. అప్పట్లో ఒకసారి వెళితే రెండేళ్ల దాకా ఉండవచ్చు. 2022 జులైలో దీన్ని అయిదేళ్లు చేశారు. కనీసం లక్ష కెనడా డాలర్ల రక్షణ ఇచ్చే ప్రైవేటు వైద్య బీమా తప్పనిసరి. రాష్ట్ర ప్రభుత్వపు ఉచిత వైద్యం మామూలుగా వారికి రాదు. మహమ్మారిలో ఒంటారియో బీమా లేనివారి అత్యవసర వైద్యానికి తానే చెల్లించడం కొంత ఊరట. 2021 ఏప్రిల్ 22న భారత్ నుంచి నేరు విమానాలను కెనడా నిలిపేసింది. సెప్టెంబరు చివరిదాకా అవి మళ్లీ ఎగరలేదు. సరిగ్గా ఆ నెలల్లోనే రెండో కెరటం హైదరాబాదునూ విజయవాడనూ ముంచెత్తింది. తమ్ముడో వదినో పోయిన కబురు ఫోన్‌లో విని, కడసారి చూపుకు వెళ్లలేక, గుడి మూతపడి నలుగురితో చెప్పుకుని ఏడ్వడానికి చోటు లేక గడిపినవారి దుఃఖం ఏ పట్టికలోనూ చేరలేదు.

ఆదాయాన్ని కొలవడంలో ఉన్న లోపం కూడా వీరి విషయంలోనే బాగా కనిపిస్తుంది. సర్వేలు సాధారణంగా కుటుంబ ఆదాయం అడుగుతాయి. కొడుకూ కోడలూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగులైతే ఆ ఇల్లు పై మెట్టులో లెక్కకు వస్తుంది. అదే ఇంట్లో ఉన్న అత్తగారి చేతిలో సొంతంగా ఒక్క డాలరు లేకపోవచ్చు. బస్సు టికెట్టుకీ, ఫోన్ రీచార్జికీ అడగాల్సి రావచ్చు. లాక్‌డౌన్‌లో బడులు మూతపడ్డాక మనవలను చూసుకునే పని ఆమె మీదే పడింది. ఇంట్లో నలుగురున్నా పగలంతా ఎవరి తెర ముందు వారే. మనుషుల మధ్య ఉండి ఒంటరిగా ఉండడమంటే ఇదే. కుటుంబ ఆదాయపు లెక్కలో ఆమె ధనికురాలు. సొంత చేతిని బట్టి చూస్తే పేద.

ప్రభుత్వ చర్యలు

కెనడా కేంద్ర ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో అమ్మకపు పన్ను రాయితీని ఒక్కసారికి పెంచి ఇచ్చింది. ఒంటరి వృద్ధులకు సగటున 375 డాలర్లు వచ్చాయి. జులైలో పింఛనుదారులందరికీ 300 డాలర్లు, సప్లిమెంట్ పొందేవారికి అదనంగా మరో 200 డాలర్లు వేసింది. మొదటిది 67 లక్షల మందికి, రెండోది 22 లక్షల మందికి ఉద్దేశించింది. వృద్ధుల ఒంటరితనం తగ్గించే స్థానిక సంస్థలకు న్యూ హొరైజన్స్ పథకం కింద నిధులు పెంచింది. వెల్‌నెస్ టుగెదర్ కెనడా పేరుతో ఉచిత మానసిక సహాయ వేదికను ఏప్రిల్‌లో తెరిచింది. అది ప్రధానంగా ఇంటర్నెట్ మీద నడిచింది కాబట్టి, ఇంటర్నెట్ లేని పేద వృద్ధులకు దాని అందుబాటు పరిమితం.

ఒక చర్య మాత్రం తిరగబడింది. అరవై అయిదు దాటాక కూడా చిన్నా చితకా పని చేసుకునే పేదలు ఉద్యోగం పోయినప్పుడు నాలుగు వారాలకు 2,000 డాలర్ల అత్యవసర భృతి తీసుకున్నారు. సప్లిమెంట్‌ను ముందు సంవత్సరం ఆదాయాన్ని బట్టి ప్రతి జులైలో లెక్కగడతారు. ఈ భృతిని కూడా ఆదాయంగా లెక్కించారు. దాంతో 2021 జులైలో సుమారు 90 వేల మందికి సప్లిమెంట్ తగ్గిపోయింది లేదా పూర్తిగా ఆగిపోయింది. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టయింది. అద్దె కట్టలేక ఆహార బ్యాంకులకు వెళ్లామని వృద్ధులు ఎంపీలకు మొరపెట్టుకున్నారు. ప్రభుత్వం 74 కోట్ల డాలర్లకు పైగా కేటాయించి 2022 వసంతంలో నష్టపరిహారం చెల్లించింది. ఇకముందు ఆ భృతులను సప్లిమెంట్ లెక్కలో కలపరాదంటూ తెచ్చిన బిల్లు 2022 మార్చిలో చట్టమైంది. నెలనెలా వచ్చే మొత్తం మీద నమ్మకం పోవడం ఆ మొత్తం తగ్గడమంత నష్టమేనని ఈ ఉదంతం చూపింది.

అప్పటి కెనడా ప్రధాన ప్రజారోగ్య అధికారి థెరీసా టామ్ 2020 అక్టోబరు నివేదికలో మహమ్మారి దెబ్బ సమానంగా పడలేదని, ఆదాయం, గృహవసతి, జాతి, వయసు కలిసి ముప్పును నిర్ణయించాయని స్పష్టంగా రాశారు. ఆరోగ్యం ఆసుపత్రుల్లో మాత్రమే తయారుకాదని 1974లోనే కెనడా ఆరోగ్య మంత్రి మార్క్ లలోండ్ నివేదిక ప్రపంచానికి చెప్పింది. దాదాపు యాభై ఏళ్ల కిందటి ఆ మాట సొంతగడ్డ మీదే మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఇతర దేశాలతో పోలిక

ఇంగ్లండ్‌లో ఇలాంటి దీర్ఘకాలిక అధ్యయనమే ఉంది. అక్కడి వృద్ధుల్లో కుంగుబాటు మహమ్మారికి ముందు 12.5 శాతం. 2020 జూన్, జులై నాటికి 22.6 శాతానికి, నవంబరు, డిసెంబరు నాటికి 28.5 శాతానికి పెరిగింది. ఆస్తి తక్కువున్నవారి మానసిక స్థితి ముందూ తర్వాతా అందరికన్నా దిగువనే ఉంది. అయితే మహమ్మారి వల్ల వచ్చిన మార్పు మాత్రం పై వర్గాల్లో ఎక్కువ. ప్రయాణాలు, క్లబ్బులు, విందులు ఉన్నవారికి అవి పోయాయి. లేనివారికి పోవడానికి అంతగా ఏమీ లేదు. పై ఉదాహరణలోని ఊహా లెక్క ఇంగ్లండ్‌లో దాదాపు నిజంగా జరిగింది. పేదల్లో మార్పు తక్కువ కనబడితే వారు బాగున్నట్టు కాదు, ముందే బాగాలేరని అర్థం.

భారత్‌లో 45 ఏళ్లు దాటిన 72 వేలమందికి పైగా వ్యక్తులతో లాసి అనే ఇలాంటి అధ్యయనమే 2017–18లో తొలి విడత పూర్తిచేసింది. పింఛను విషయంలో తెలుగు రాష్ట్రాలు కేంద్రం ఇచ్చే మొత్తం కన్నా చాలా ఎక్కువ జోడిస్తున్నాయి. 2020లో ఆంధ్రప్రదేశ్ వృద్ధులకు నెలకు 2,250 రూపాయలు, తెలంగాణలో 2,016 రూపాయలు. అరవై నుంచి డెబ్బై తొమ్మిదేళ్ల వయసువారికి ఇందులో కేంద్రం వాటా 200 రూపాయలే. ఆంధ్రప్రదేశ్‌లో 2020 ఫిబ్రవరి నుంచి వాలంటీరు పింఛనును ఇంటికే తెచ్చి ఇవ్వడం మొదలైంది, లాక్‌డౌన్‌లోనూ కొనసాగింది. బ్యాంకుకు వెళ్లలేని వృద్ధురాలికి నెల మొదటి రోజున ఒక మనిషి తలుపు తట్టి పేరు పెట్టి పలకరించడం డబ్బుతో పాటు అందిన ఇంకో సాయం. కెనడాలో బ్యాంకు ఖాతాలో పడే పింఛను మొత్తం ఎంతో పెద్దదైనా దానికి ఈ పలకరింపు లేదు.

పరిమితులు

కెనడా లెక్కలను చదివేటప్పుడు కొన్ని సంగతులు మరిచిపోకూడదు. సి.ఎల్.ఎస్.ఏ.లో చేరాలంటే ఇంగ్లీషు లేదా ఫ్రెంచి వచ్చి ఉండాలి. పంజాబీ, తమిళం, కాంటనీస్, తెలుగు మాత్రమే మాట్లాడే వృద్ధులు అందులో లేరు. ఆదివాసుల రిజర్వులు, ఉత్తరాన ఉన్న మూడు టెరిటరీలు లేవు. పాల్గొన్నవారు దేశపు సగటు కన్నా ఎక్కువ చదువుకున్నవారు, కాస్త కలిగినవారు. కొవిడ్ సర్వేకు జవాబివ్వకుండా జారిపోయినవారిలో బలహీనులే ఎక్కువ ఉండే అవకాశముంది. అంటే వరుసలో అట్టడుగున నిలబడాల్సిన చాలామంది అసలు వరుసలోకే రాలేదు. లెక్కతేలిన అసమానత నిజమైన దానికన్నా తక్కువే అయి ఉంటుంది.

దిక్కు గురించిన చిక్కు కూడా ఉంది. పేదరికం మనసును కుంగదీస్తుంది. వయసులో ఉన్నప్పుడు కుంగుబాటుతో పని చేయలేనివారు వృద్ధాప్యానికి పేదలుగా చేరతారు. అవే మనుషులను ఏళ్ల తరబడి అనుసరించే అధ్యయనాలు ఈ ముడిని కొంత విప్పుతాయి గానీ పూర్తిగా విప్పలేవు.

తరువాతి పరిణామాలు

75 దాటినవారికి ఓల్డ్ ఏజ్ సెక్యూరిటీ మొత్తాన్ని 2022 జులై నుంచి పది శాతం పెంచారు. 65 నుంచి 74 ఏళ్ల మధ్య ఉన్న పేదలను వదిలేసి, ఆదాయంతో పని లేకుండా వయసు ఒక్కటే కొలబద్దగా తీసుకున్నారన్న విమర్శ దీని మీద వచ్చింది. ఆత్మహత్య ఆలోచనలున్నవారి కోసం 988 నంబరును 2023 నవంబరు 30న దేశమంతటా ప్రారంభించారు. వృద్ధుల మానసిక ఆరోగ్యంపై పనిచేసే జాతీయ కూటమి 2024లో ఒంటరితనాన్ని గుర్తించి చికిత్స చేసేందుకు వైద్యులకు మార్గదర్శకాలు విడుదల చేసింది. వెల్‌నెస్ టుగెదర్ వేదికను అదే ఏడాది ఏప్రిల్‌లో మూసేశారు. మాటలతో సాగే మానసిక చికిత్సను దేశమంతటా ప్రభుత్వ వైద్యంలో కలపాలన్న డిమాండు మాత్రం అలాగే ఉంది.

కెనడా అనుభవం చెప్పేది స్థూలంగా ఇది. మహమ్మారి ఆదాయ అసమానతను కొత్తగా పుట్టించలేదు, ఉన్నదాన్ని బయటపెట్టింది. పింఛను పేద వృద్ధులను ఆకలి నుంచి కాపాడింది, ఇరుకు గది నుంచీ ఒంటరితనం నుంచీ కాపాడలేకపోయింది. ఆ రెండింటికీ నెలనెలా పడే డబ్బుతో పాటు ఇల్లు, పొరుగు, అందుబాటులో చికిత్స కావాలి. ఇంకో మహమ్మారి రాకముందే సర్వేలు వృద్ధులను వారి సొంత భాషలో, సంరక్షణ గృహాల్లో కూడా పలకరించడం మొదలుపెట్టాలి. లెక్కలోకి రానివారికి బడ్జెట్‌లోనూ చోటు దొరకదు.